చాటింపు పడింది, నేను ఊరివాణ్ణేనా? తిరుపతి పండగల్లో విదేశీ విద్యార్థి

మా వీధి చివర మేడ మీది గదిలో టాంజానియా నుంచి వచ్చిన అబ్బాయి ఒకతను అద్దెకుండేవాడు. పీజీ చదువు. మే నెలలో ఒక బుధవారం పొద్దున బ్యాగు తగిలించుకుని మెట్లు దిగుతుంటే ఇంటావిడ ఆపింది. "రాత్రి చాటింపు పడింది నాయనా, జాతర అయ్యేదాకా పొలిమేర దాటగూడదు" అంది. చెన్నైకి అతని టికెట్ బుక్ అయి ఉంది. కాసేపు ఆలోచించి, వచ్చీరాని తెలుగులో అడిగాడు: "ఆంటీ, నేను ఈ ఊరేనా?" ఆవిడ నా వైపు చూసింది. పాల ప్యాకెట్ పట్టుకుని అక్కడే నిలబడ్డ నేనూ నోరు మెదపలేదు.

గంగమ్మ జాతర చాటింపు వేశాక ఊళ్లో ఉన్నవాళ్లు ఊరు దాటి పోకూడదన్నది పాత కట్టు. ఇప్పుడు ఎంతమంది పాటిస్తున్నారన్నది వేరే మాట, బస్టాండు ఏమీ ఖాళీ అవదు. కానీ అతని ప్రశ్న మాత్రం ప్రతి పండక్కీ ఏదో ఒక రూపంలో వస్తూనే ఉంటుంది. విదేశీ క్లాస్‌మేట్‌ను జాతరకు తీసుకెళ్లొచ్చా, కొండ మీద సంతకం పెట్టాలంటున్నారు అదేంటి, సంక్రాంతికి మా ఊరు తీసుకెళ్తే పోలీసులకు చెప్పాలా? ఒకరు ఇట్లా అంటారు, ఒకరు అట్లా అంటారు. వేర్వేరు ప్రశ్నలను కలిపి ఒకే జవాబు వెతకడంతోనే చిక్కంతా వస్తోంది.

చూడటం, కలవడం, మొక్కడం

పండక్కి వెళ్లడం అంటే మూడు పనులు. మొదటిది చూడటం: రోడ్డు పక్కన నిలబడి ఊరేగింపు చూస్తాం, ఫొటో తీసుకుంటాం. రెండోది కలవడం: వేషం కడతాం, కోలాటంలో అడుగు వేస్తాం, పంక్తిలో కూర్చుని తింటాం. మూడోది మొక్కడం: దేవుడి ముందు నిలబడి నాకు ఇది కావాలి, తీరిస్తే ఇది చేస్తాను అని చెప్పుకుంటాం.

మనకు ఈ మూడింటి మధ్య గీత కనబడదు, పుట్టినప్పటి నుంచీ మూడూ కలిసే ఉన్నాయి. పక్క వీధి వినాయకుడి పందిరినే తీసుకోండి. విగ్రహం చూడ్డానికి ఎవరైనా రావచ్చు. నిమజ్జనం రోజు ట్రాక్టర్ ముందు ఎగరడానికి కూడా ఎవరినీ పిలవనక్కర్లేదు. అర్చన దగ్గరకొచ్చేసరికి పూజారి పళ్లెం పట్టుకుని "పేరు, గోత్రం" అంటాడు. విదేశీ కుర్రాడు పేరు చెప్పి ఆగిపోతాడు. గోత్రం తెలియనివాళ్లకు కాశ్యప గోత్రం చెప్పే అలవాటు మనవాళ్లలో ఉంది కాబట్టి అయ్యవారు సర్దేస్తాడు, పక్కనున్న ఫ్రెండ్స్ నవ్వుతారు. ఆ నవ్వుల్లోనే ఆ అబ్బాయి చూడటం నుంచి మొక్కడంలోకి వచ్చేశాడు. రావాలా వద్దా అని అతన్నెవరూ అడగలేదు.

ఈ మూడు పనులకూ మూడు గడపలున్నాయి. ఒక్కో గడప దగ్గర కాపలా ఉన్నది ఒక్కొక్కరు. వీధిలో నిలబడి చూడ్డానికి ట్రాఫిక్ పోలీసు తప్ప అడ్డు లేదు. కలవడానికి ఆ ఊరు, ఆ కులం, ఆ ఇల్లు ఒప్పుకోవాలి. మొక్కడానికి గుడి నియమం ఉంటుంది, దాంతోపాటు మొక్కేవాడి మనసు కూడా ఉంటుంది. ఈ రెండోదాన్ని ఆతిథ్యం హడావుడిలో మనం తరచూ మరిచిపోతాం.

గంగమ్మ జాతర: వారం రోజులు, రోజుకో రూపం

తాతయ్యగుంట గంగమ్మను తిరుపతి జనం వేంకటేశ్వర స్వామికి చెల్లెలు అంటారు. జాతరకు టీటీడీ నుంచి సారె వస్తుంది. కథ ఇది. అవిలాలలో కైకాల వాళ్ల ఇంట పెరిగిన గంగమ్మను, ఆడవాళ్లను చెరబట్టే పాళెగాడు ఒకడు వేధిస్తాడు. ఆమె అసలు రూపం చూసి పారిపోయి దాక్కుంటాడు. వాడిని వెతుకుతూ ఆమె రోజుకో వేషం వేస్తుంది. మంగళవారం రాత్రి చాటింపు, బుధవారం బైరాగి వేషం, గురువారం బండ వేషం, శుక్రవారం తోటి వేషం. శనివారం దొర వేషంలో వస్తే తనలాంటి దొర అనుకుని పాళెగాడు బయటికొస్తాడు, తల పోగొట్టుకుంటాడు. ఆదివారం మాతంగి, సోమవారం సున్నపు కుండలు, మంగళవారం జాతర. తెల్లవారితే బుధవారం అనగా విశ్వరూపం, అంటే అమ్మవారి పెద్ద మట్టి రూపం, దాని చెంప నరకడంతో జాతర ముగుస్తుంది.

అమ్మవారి ప్రధాన వేషాలు కట్టేది కైకాల వంశస్థులే, అది ఇంకెవరికీ రాదు. మొక్కు వేషాలు మాత్రం ఎవరైనా కడతారు. మగవాళ్లు చీర కట్టి, జడ వేసి, మల్లెపూలు పెట్టుకుని గుడికొస్తారు. మీసాలున్న ఆటో డ్రైవరు పట్టుచీరలో గాజులు సరిచేసుకుంటూ క్యూలో నిలబడి ఉంటే చుట్టుపక్కల ఎవరూ రెండోసారి చూడరు. అమెరికాలోని ఎమరీ విశ్వవిద్యాలయ ఆచార్యురాలు జాయిస్ ఫ్లూకిగర్ ఈ జాతర మీద ఏళ్ల తరబడి పరిశోధన చేసి 2013లో పుస్తకం తెచ్చారు. జాతర వారంలో లోకమే స్త్రీరూపం అవుతుందన్నది ఆమె చూపిన కోణం. మనం రోజూ చూసేదాన్ని బయటి మనిషి పేరు పెట్టి చెప్తే కానీ మనకు కొత్తగా అనిపించదు, అదో విచిత్రం.

మరి విదేశీ విద్యార్థి వేషం కట్టొచ్చా? అందుకు రాసిపెట్టిన నియమం, దరఖాస్తు, కౌంటరు ఏవీ నాకు తెలిసి ఎప్పుడూ లేవు. వేషం పుట్టేది మొక్కులోంచి. జ్వరం తగ్గితే, బిడ్డ పుడితే కడతానని అనుకుని కడతారు. దీని మీద మా వీధిలోనే రెండు మాటలున్నాయి. "గంగమ్మకి పాస్‌పోర్టు తెలీదు, కట్టనీ" అనేది ఒకటి. మొక్కు లేకుండా కడితే అది డ్రామా వేషం, రీల్ కోసం చీర కట్టడానికీ దీనికీ తేడా ఉండాలి అనేది రెండోది. రెండోమాట అనేవాళ్లు విదేశీయుల మీద కోపంతో అనడం లేదు, మన కుర్రాళ్లను కూడా అదే మాట అంటున్నారు. నాకు ఆ మాటలో బలం కనబడుతుంది. అలాగని మొక్కును తూచే తక్కెడ ఎవరి దగ్గరుంది?

బండ వేషం బూతులు, జర్మనీలో తెగే టైలు

బండ వేషం రోజు ఒళ్లంతా కుంకుమ పూసుకున్నవాళ్లు ఎదురొచ్చినవాళ్లను బూతులు తిడతారు. తిట్టించుకోవడం ఆ రోజు ఆచారంలో భాగం, పెద్దమనుషులు కూడా నవ్వుకుంటూ పోతారు. ఆ తిట్లను తెలుగు రాని విద్యార్థి పాట అనుకుంటాడు. కొంచెం తెలుగు వచ్చినవాడికే ఇబ్బంది. హాస్టల్లో మొదట నేర్పేదే ఆ మాటలు కదా, అవి నడిరోడ్డు మీద తన ముఖాన పడితే తెల్లబోతాడు.

ఇప్పుడు బొమ్మ తిరగేయండి. మన పిల్లలు ఎక్కువగా వెళ్తున్న దేశాల్లో జర్మనీ ఒకటి. అక్కడ రైన్ నది ఒడ్డున కొలోన్ లాంటి ఊళ్లలో శీతాకాలం చివర కార్నివాల్ జరుగుతుంది. అందులో ఒక గురువారం ఆడవాళ్ల రోజు. కత్తెర పట్టుకుని ఆడవాళ్లు కనబడిన మగవాడి టై కత్తిరిస్తారు, బదులుగా బుగ్గ మీద ముద్దు పెడతారు. సంగతి తెలియని మన తిరుపతి కుర్రాడు ఆ రోజు ఇంటర్న్‌షిప్ ఇంటర్వ్యూకి పెళ్లికి కొన్న టై కట్టుకుని వెళ్లాడనుకుందాం. టై సగమే మిగులుతుంది. అతను కోప్పడితే అక్కడివాళ్లకు సరదా తెలియని మనిషి, నవ్వి ఊరుకుంటే టై పోయినట్టే.

ఈ తగాదా అక్కడ కోర్టుదాకా వెళ్లింది. అడగకుండా టై కత్తిరించినందుకు నష్టపరిహారం ఇవ్వాలని 1988లో ఎస్సెన్ కోర్టు చెప్పింది. ఆచారం ఉన్నంత మాత్రాన ఎదుటివాడు ఒప్పుకున్నట్టు కాదన్నది ఆ తీర్పు సారం. బండ వేషానికీ ఈ తూకం సరిపోతుందా అంటే పూర్తిగా సరిపోదు. బూతుకు బిల్లు ఉండదు, పైగా ఆ రోజు వీధిలోకి రావడమే ఒప్పుకోవడం లాంటిది. అయితే వచ్చినవాడికి ఆ సంగతి ముందు తెలిసి ఉండాలి. చెప్పాల్సింది తీసుకొచ్చిన స్నేహితుడు.

తోటి వేషం దగ్గర ఇంకా లోతైన చిక్కు ఉంది. ఆ రోజు ఒళ్లంతా బొగ్గుపొడి పూసుకుంటారు, వేపమండలు కట్టుకుంటారు. మనకు అది గంగమ్మ మారువేషం, అంతకంటే ఇంకో అర్థం తట్టదు. అమెరికాలో తెల్లవాళ్లు ముఖానికి మసి పూసుకుని నల్లవాళ్లను ఎగతాళి చేసిన నాటకాల చరిత్ర ఒకటుంది. అది తెలిసిన ఆఫ్రికా విద్యార్థికి మొదటి చూపులో గుర్తొచ్చేది అదే. రెండింటికీ పుట్టుకలో సంబంధం లేదు. కానీ సంబంధం లేదని వాదించే ముందు, తన రంగు గురించి ఈ వీధుల్లోనే ఆ విద్యార్థి ఏమేం మాటలు విని ఉంటాడో కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఇంటావిడ మేడ మీది అబ్బాయికి కథంతా చెప్పింది, పాళెగాడి నుంచి దొరదాకా. విన్నాక అతను అడిగింది రంగు గురించి కాదు. "తోటి అంటే ఎవరు?" అని. తోటి అంటే ఊళ్లో వెట్టి చేసిన మనిషి, కులంతో ముడిపడిన పని. మాతంగి మాటకూ మాదిగలతో సంబంధం ఉంది. అమ్మవారు ఆ రూపాలు ఎత్తడం ఆ కులాలకు గౌరవమని కొందరంటారు, రూపం ఎత్తినవాళ్లు మర్నాడు ఆ మనుషుల్ని ఎలా చూస్తారని ఇంకొందరు అడుగుతారు. మేం ఈ ఊళ్లోనే పుట్టి పెరిగాం, ఆ ప్రశ్న బయటి ఊరివాడి నోటి నుంచి వినాల్సి వచ్చింది.

కొండ మీద డిక్లరేషన్: దేశం కాదు, మతం

తిరుమల దగ్గర లెక్క మారుతుంది, ఇక్కడ నియమం కాగితం మీదే ఉంది. 1990లో దేవాదాయ శాఖ ఇచ్చిన జీవో 311 ప్రకారం, హిందువులు కానివాళ్లు స్వామి దర్శనానికి వెళ్లాలంటే ముందు డిక్లరేషన్ మీద సంతకం చేయాలి. నేను ఫలానా మతానికి చెందినా వేంకటేశ్వర స్వామి మీద నాకు విశ్వాసం, గౌరవం ఉన్నాయి, దర్శనానికి అనుమతించండి అన్నది అందులో సారాంశం. రాష్ట్రపతిగా వచ్చినప్పుడు అబ్దుల్ కలాం సంతకం చేశారు. 2024లో, 2025లో ఇది రాజకీయంగా పెద్ద వార్త కావడంతో పేరు అందరికీ తెలిసింది, వివరం మాత్రం చాలామందికి తెలియలేదు.

ఎక్కువమంది పొరపడేది ఒక్కచోట: ఇది విదేశీయుల కోసం పెట్టిన కాగితం అనుకుంటారు. ఒకే క్లాసులో ముగ్గురు ఫ్రెండ్స్ అనుకుందాం. ఒకమ్మాయి మారిషస్ తెలుగు కుటుంబం, హిందువు (ఉగాది అక్కడ ప్రభుత్వ సెలవు, ఆ దేశంలో తెలుగువాళ్ల ఉనికి అంతటిది). ఇంకొకడు మేడ మీది అబ్బాయి, క్రైస్తవుడు. మూడోవాడు తిరుపతిలోనే పుట్టిన ముస్లిం. మారిషస్ అమ్మాయికి పాస్‌పోర్టు వేరే దేశానిదైనా డిక్లరేషన్ అక్కర్లేదు. మిగతా ఇద్దరికీ కావాలి, అందులో ఒకడి ఆధార్ కార్డు మీద తిరుపతి అడ్రసే ఉన్నా సరే. సంతకం చేస్తే మతం మారినట్టు కూడా కాదు, కాగితం మొదటి వాక్యమే మీ మతం మీదేనని చెప్తుంది.

దీని మీద వాదన చాలాకాలంగా నడుస్తోంది. సమర్థించేవాళ్ల మాట: గుడి మ్యూజియం కాదు, లోపలికొచ్చేవాడు కనీసం ఆ మూర్తిని నమ్మి రావాలని కోరడం తప్పు కాదు. పూరీ జగన్నాథ ఆలయంలోకి, గురువాయూరులోకి హిందువులు కానివాళ్లను అసలు రానివ్వరు, ఇక్కడ ఒక్క సంతకంతో రానిస్తున్నారు కదా అంటారు. అభ్యంతరం చెప్పేవాళ్ల మాట: నమ్మకాన్ని కాగితం మీద ఎలా రుజువు చేస్తారు, పుట్టుకతో హిందువైన నాస్తికుడిని ఎవరూ అడగరు కదా.

విద్యార్థి వైపు నుంచి చూస్తే ఇంకో కోణం ఉంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. కుతూహలం ఉంది, గౌరవం ఉంది, నమ్మకం లేదు. అలాంటివాడు నమ్మకం ఉందని సంతకం చేయాలా? మేడ మీది అబ్బాయి చేయలేదు. కొండకు రాకుండానూ ఉండలేదు. అలిపిరి నుంచి 3,550 మెట్లు మాతో ఎక్కాడు, మోకాళ్ల పర్వతం దగ్గర మా తమ్ముడి కంటే ముందున్నాడు. మేం దర్శనం క్యూలో ఉన్నంతసేపూ ఎస్వీ మ్యూజియం, శిలాతోరణం చూసొచ్చాడు. సాయంత్రం మాడవీధి మెట్ల మీద కూర్చుని స్వామి ఊరేగింపు చూశాడు. బ్రహ్మోత్సవాల వాహనాలు కూడా ఇలా మాడవీధుల్లోనే తిరుగుతాయి. ఐదో రోజు రాత్రి గరుడసేవకు వచ్చే జనంలో గర్భగుడిదాకా వెళ్లగలిగేవాళ్లు ఎంతమంది? స్వామే బయటికి రావడం ఉత్సవంలో అసలు సంగతి.

ఒక్క జాగ్రత్త అందరికీ ఒకటే. మాంసం, మందు, సిగరెట్ కొండ మీదికి పోవు. లంచ్ బాక్సులో కోడిగుడ్డు బిర్యానీ ఉన్నా అలిపిరి దాటకూడదు. ఫారిన్ ఫ్రెండ్‌కు ఇది చెప్పడం మరిచిపోయి చెకింగ్ దగ్గర టెన్షన్ పడేది తీసుకెళ్లిన మనమే.

వీసా ఎక్కడ అడ్డొస్తుంది, ఎక్కడ రాదు

స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్లు మతపరమైన ఉత్సవాలకు పోకూడదని ఒక పుకారు తరచూ వినబడుతుంది. అది తప్పు. గుళ్లు, మసీదులు, చర్చిలు చూడటానికి, మామూలు మత కార్యక్రమాలకు, ప్రవచనాలకు హాజరు కావడానికి అడ్డు లేదు. కూడనిది ప్రచారం: మత బోధ చేయడం, ప్రార్థనా స్థలాల్లో ప్రసంగాలు ఇవ్వడం, కరపత్రాలు పంచడం, మతమార్పిడికి పూనుకోవడం. పంక్తిలో కూర్చుని పొంగలి తినడం వీసాకు సంబంధించిన సంగతి కాదు.

అసలు మరిచిపోయేది ఇంటి గడప దగ్గర. విదేశీయులు రాత్రి బస చేస్తే, హోటలైనా హాస్టలైనా మామూలు ఇల్లైనా, వాళ్ల వివరాలను 24 గంటల్లోగా విదేశీయుల రిజిస్ట్రేషన్ అధికారులకు ఆన్‌లైన్‌లో తెలపాలి. చాలాకాలంగా దీన్ని ఫారం-సి అంటూ వచ్చారు. ఇది చదువు కోసం 180 రోజులకు మించిన వీసా మీద వచ్చినవాళ్లు 14 రోజుల్లో చేసుకునే రిజిస్ట్రేషన్‌కు అదనం. అది విద్యార్థి పని, ఇది ఆతిథ్యం ఇచ్చేవాళ్ల పని. సంక్రాంతికి ఫ్రెండ్‌ను పల్లెకు తీసుకెళ్లి నాలుగు రాత్రులు ఉంచుకునే ఇంటివాళ్లలో ఈ మాట విన్నవాళ్లు తక్కువ. పొద్దున వచ్చి సాయంత్రం వెళ్లిపోతే ఈ గొడవ లేదు.

ఆ నాలుగు రోజుల్లో కనుమ నాడు చంద్రగిరి దగ్గర ఎ.రంగంపేట పశువుల పండగ చూపించాలని ఎవరికైనా అనిపిస్తుంది. ఎద్దుల కొమ్ములకు అలంకరించిన చెక్క పలకలు కట్టి వదులుతారు, కుర్రాళ్లు మీదపడి లాక్కుంటారు. జల్లికట్టు అంటే ఊరివాళ్లు ఒప్పుకోరు, మాది పశువుల పండగ అంటారు. పేరేదైనా ఎద్దు కొమ్ముకు లోకల్, ఫారిన్ తేడా తెలీదు. మిద్దె మీద నుంచి చూపించండి.

కాలేజీ స్టేజీ మీది పండగ

ఇంకో రకం పండగ ఉంది, ఆడిటోరియంలో జరిగేది. విదేశీ విద్యార్థులకు పంచెలు, చీరలు కట్టించి, నుదుట బొట్టు పెట్టి, భోగిమంట నమూనా ముందు నిలబెట్టి ఫొటో తీస్తారు. మర్నాడు అది అడ్మిషన్ల బ్రోచర్‌లోకి ఎక్కుతుంది. కొత్తగా వచ్చినవాళ్లకు ఇది బెరుకు పోగొడుతుంది, తొక్కిసలాట భయం ఉండదు, ఇబ్బంది ఉంటే టీచరు పక్కనే ఉంటారు. ఆ మేరకు మంచిదే. కాకపోతే వద్దనే వీలు అక్కడే తక్కువ. వీధి జాతరలో నచ్చకపోతే పక్క సందులోకి జారుకోవచ్చు. స్టేజీ మీద బొట్టు వద్దంటే అది పదిమందిలో మాట అవుతుంది. కొందరికి బొట్టు, హారతి, ప్రసాదం తమ మతం ఒప్పుకోని పనులు. వద్దన్నవాడు పండగను కాదన్నట్టు కాదు, చూడటానికీ కలవడానికీ వచ్చి మొక్కడం దగ్గర ఆగాడంతే. శాకాహారి అయిన మన అమ్మాయి అమెరికాలో నవంబరు నాలుగో గురువారం థాంక్స్‌గివింగ్ విందుకెళ్లి టర్కీ కోడి వద్దని, గుమ్మడికాయ పై తిని వస్తే ఆ ఇంటివాళ్లు నొచ్చుకోవాలా?

మంగళవారం రాత్రి

ఆ ఏడాది అతను చెన్నై వెళ్లలేదు. నియమం తనకు వర్తిస్తుందని నమ్మి కాదు. ఇంటావిడ రోజూ పొద్దున రాగి అంబలి పోసి ఇస్తుంటే టికెట్ సంగతి ఎత్తలేకపోయాడట. వేషం కట్టలేదు, మొక్కలేదు, అంబలి మాత్రం రెండో గ్లాసు అడిగి తాగాడు. చివరి రాత్రి మాతో పాటు గుడి దగ్గరకొచ్చాడు. తెల్లవారుజామున విశ్వరూపం మట్టి చెంప నరికాక ఆ మట్టి కోసం జనం ఎగబడ్డారు. ఎవరో పెద్దాయన తన గుప్పిట్లోంచి చిన్న పెళ్ల విరిచి అతని చేతిలో పెట్టి, ఏమీ చెప్పకుండా వెళ్లిపోయాడు.

చదువు అయిపోయి వెళ్లేటప్పుడు ఆ మట్టి అగ్గిపెట్టెలో ఉంది. చాలా దేశాల్లో వేరే దేశపు మట్టిని రానివ్వరు, మొక్కల తెగుళ్లు వస్తాయని క్వారంటైన్ నియమాలుంటాయి. అతను అది చూసుకుని, అగ్గిపెట్టెను ఇంటావిడ చేతికిచ్చాడు. ఆవిడ దేవుడి గూట్లో పెట్టింది. పైన బాల్‌పెన్నుతో అతని పేరు రాయించుకుంది, తెలుగులోనే.